మొండి సూక్ష్మజీవులపై మూలికల పరీక్ష
(పాడిపశువులు గల సభ్యుల కొఱకు ఒక పాఠము)

పాలు తోడుకొనకపోవుట మన యిండ్లలో అప్పుడప్పుడు జరుగు సంగతియే. పాలు మంచివి, తోడు మంచిది, కాచి చల్లార్చుట యథాప్రకారమే. ఐనను తెల్లవాఱునప్పటికి గిన్నెలోని పాలు పాలుగానే యుండును. ఇల్లాలు తోడును నిందించును. కాని విచారించినచో కొన్ని వేళల వేఱొక కారణము బయటపడును. పొదుగువాపు వచ్చిన ఆవునకు ముందటి దినమున చన్నులోనికి మందు ఎక్కించి యుందురు. ఆ మందు పాలతో కలసి వచ్చును. పొదుగులోని చెడు సూక్ష్మజీవులను చంపుటకు వేసిన మందు, పాలను పెరుగుగా మార్చు మంచి సూక్ష్మజీవులను గూడ పెరుగనీయదు.

ఈ చిన్న సంగతిలోనే నేటి మన పాఠమునకు మూలము కలదు. ఒక పదార్థము సూక్ష్మజీవిని అడ్డగించునా లేదా అని తెలియవలెనన్న, ఆ సూక్ష్మజీవిని పెంచి, దాని నడుమ ఆ పదార్థము నుంచి చూడవలెను. పరీక్షాశాలలలో వేప, తులసి, పసుపు మొదలగు వానిని పరీక్షించు పద్ధతియు ఇదియే. ఫలాని ఆకు సారము ఆంటీబయోటిక్ మందులకు లొంగని సూక్ష్మజీవులను చంపినదని పత్రికలలో తఱచుగా వార్తలు వచ్చుచున్నవి. వానిని చదివిన సభ్యులు, మన దొడ్డిలోని ఆకుతో పోవు జబ్బునకు సూదిమందు ఏల అని అడుగుచున్నారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. ఐతే సమాధానము చెప్పుటకు ముందు ఆ పరీక్ష ఎట్లు జరుగునో, అది ఎంతవరకు చెప్పగలదో, ఎచ్చట ఆగిపోవునో తెలిసికొనుట అవసరము.

1. మొండితనము ఎట్లు వచ్చినది?

1928లో లండను నగరమున అలెగ్జాండరు ఫ్లెమింగు అను శాస్త్రజ్ఞుడు, ఒక బూజు చుట్టును సూక్ష్మజీవులు పెరుగకుండుటను గమనించెను. ఆ బూజు నుండి వచ్చినదే పెన్సిలిన్. 1945లో ఆయనకును, ఫ్లోరీ, చెయిన్ అను వారికిని నోబెల్ బహుమానము లభించెను. ఆ సందర్భమున చేసిన ఉపన్యాసములోనే ఫ్లెమింగు ఒక హెచ్చరిక చేసెను: చాలీచాలని మోతాదులలో మందు వాడినచో సూక్ష్మజీవులు దానికి లొంగకుండ తయారగునని. ఆ మాట నిజమైనది. పెన్సిలినును విఱుగగొట్టు సూక్ష్మజీవులకై మెథిసిలిన్ అను మందు 1959లో వాడుకలోనికి రాగా, 1961లోనే దానికిని లొంగని స్టాఫిలోకాకస్ జాతి ఇంగ్లండులో కనబడెను.

మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా నుండిన అమెరికా దేశపు లెడర్లీ ప్రయోగశాలలో, డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు క్లోర్‌టెట్రాసైక్లిన్ అను మందును కనిపెట్టెను. అది 1948లో లోకమునకు తెలిసినది. ఆ మందునిచ్చు సూక్ష్మజీవి దొరకినది మిస్సోరీ రాష్ట్రమున ఒక వ్యవసాయ పరిశోధనా క్షేత్రపు మట్టిలో. పొలపు మట్టి నుండి వచ్చిన ఆ వరమును పిదప కోళ్ల మేతలోను, పశువుల మేతలోను త్వరగా పెరుగుటకై కలుపసాగిరి. దానికిని మొండి జాతులు బయలుదేఱినవి.

దీని కారణము కర్షకులకు తెలియనిది కాదు. ఒకే పురుగుమందును ఏండ్ల తరబడి చల్లిన పైరుపై పురుగు మొండికెక్కుట మనమందఱము చూచినదే. కోట్లకొలది సూక్ష్మజీవులలో ఏవో కొన్నింటికి పుట్టుకతోనే చిన్న మార్పు ఉండును. మందు తక్కిన వానిని చంపును. ఆ కొన్ని మిగిలి, ఖాళీయైన తావును ఆక్రమించుకొనును. అంతేకాక ఒక సూక్ష్మజీవి తన నేర్పును ప్రక్కనున్న వేఱొక జాతికి గూడ అందింపగలదు. కొన్ని మందును విఱుగగొట్టు రసమును తయారు చేయును. కొన్ని లోనికి వచ్చిన మందును పంపువలె వెలుపలికి తోడివేయును. కొన్ని మందు పట్టుకొను చోటునే మార్చివేయును. కొన్ని లోనికి వచ్చు ద్వారమును మూసివేయును. 2019లో ప్రపంచమందు ఇట్టి మొండి సూక్ష్మజీవులే నేరుగ కారణమై 12 లక్షల 70 వేల మంది మరణించిరని శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. కావున క్రొత్త మందుల కొఱకు మొక్కల వైపు చూచుట వృథాప్రయాస కాదు.

2. సారము తీయుట

పరీక్షకు మొదటి మెట్టు మొక్కను సరిగా గుర్తించుట. మందుల అంగళ్లలో దారుహరిద్ర యను పేర ఉత్తరదేశమున ఒక మొక్క కట్టెను, దక్షిణదేశమున వేఱొక మొక్క కట్టెను అమ్ముట కలదు. రెండును పసుపుపచ్చగనే యుండును. రెంటియందును బెర్బెరీన్ అను పదార్థము కలదు. ఐనను మొక్కలు వేఱు, తక్కిన గుణములు వేఱు. అందుచేతనే పరిశోధకులు కొమ్మ, ఆకు, పువ్వులతో గూడిన నమూనాను ఎండబెట్టి, కాగితమునకు అంటించి, తీసిన చోటును తేదీని వ్రాసి భద్రపఱతురు. పేరు తప్పినచో పరీక్ష యంతయు తప్పును.

రెండవది, సారమును దేనితో తీయుట. నీటిలో కరగునవి కొన్ని, సారాయిలో కరగునవి కొన్ని, నూనెలో మాత్రమే దిగునవి కొన్ని. ఒకే ఆకును నీటితో కాచిన ఒక ఫలితము, సారాయిలో నానబెట్టిన మఱియొక ఫలితము వచ్చును.

మూడవది వేడి. వెల్లుల్లి ఘాటునకు కారణమైన అల్లిసిన్ అను పదార్థమును 1944లో వేఱుచేసిరి. అది సూక్ష్మజీవులను చక్కగ అడ్డగించును. కాని చిదుపని వెల్లుల్లిపాయలో అది లేదు. నలిపినప్పుడే రెండు వేఱు పదార్థములు కలసి అది పుట్టును. పాయలను నలుపక ముందే ఉడికించినచో అది పుట్టనే పుట్టదు. ఇట్టిదే చీనాదేశపు కథ. 1971లో తు యూయూ అను శాస్త్రజ్ఞురాలు మలేరియాకు మందు వెదకుచు, ఒక జాతి మాచిపత్రి మొక్కను పరీక్షించుచుండెను. ఫలితములు నిలకడగ రాకుండెను. ప్రాచీన గ్రంథమొకదానిలో ఆ ఆకును నీట నానబెట్టి పిండిన రసము త్రాగవలెనని యుండుటను చూచి, కాచుటయే పొరపాటని గ్రహించి, తక్కువ వేడిలో ఆవిరియగు ఈథరుతో సారము తీసెను. దాని నుండి వచ్చిన ఆర్టెమిసినిన్ అను మందునకు 2015లో ఆమె నోబెల్ బహుమానము నందెను. మలేరియా కలిగించునది బాక్టీరియా కాదు. ఐనను మనకు పాఠము ఒక్కటే: సారము తీయు విధము మాఱినచో మందే మాఱును.

3. గాజుపళ్లెపు పరీక్ష

సముద్రపు నాచు నుండి వచ్చు అగరుతో పోషక ద్రవమును గట్టిపఱచి, గాజుపళ్లెములో నాలుగు మిల్లీమీటర్ల మందమున పోయుదురు. మిల్లీలీటరునకు సుమారు 15 కోట్ల సూక్ష్మజీవులున్న ద్రవములో దూదిపుల్లను ముంచి దానిపై అంతటను సమముగ పూయుదురు. ఆఱు మిల్లీమీటర్ల కాగితపు బిళ్లలకు సారమును పట్టించి పైన ఉంచుదురు. 35 డిగ్రీల వెచ్చదనమున 16 మొదలు 18 గంటలుంచి తీసి చూతురు. పళ్లెమంతయు తెల్లని పొర కమ్మియుండును. సారము పనిచేసినచో బిళ్ల చుట్టును పొర లేక తేటగా నొక వలయము కనబడును. ఆ వలయపు అడ్డుకొలతను మిల్లీమీటర్లలో కొలుతురు.

సత్యమైన పరీక్షలో సారపు బిళ్ల ఒక్కటియే యుండదు. సారాయిలో తీసిన సారమైనచో, వట్టి సారాయి పట్టించిన బిళ్ల వేఱొకటి యుండవలెను. లేనిచో సారాయి చేసిన పని ఆకునకు చెల్లును. పేరుగల ఆంటీబయోటిక్ బిళ్ల ఒకటి యుండవలెను. మొండి జాతితో పాటు లొంగు జాతిని గూడ పరీక్షింపవలెను. ప్రతి పరీక్షను కనీసము మూడుమాఱులు చేయవలెను. ఎరువు వేసిన మడి ప్రక్కన ఎరువు వేయని మడి నుంచి పంటను పోల్చుట మనకు అలవాటే, ఇదియు అట్టిదే.

4. వలయము చెప్పని సంగతులు

సభ్యులు ముఖ్యముగ గుర్తుంచుకొనవలసినది ఈ భాగము. పెద్ద వలయము పెద్ద మందు కాదు. వలయము లేకపోవుట మందు లేకపోవుటయు కాదు. నీటిలో కరగు పదార్థము అగరులో దూరము ప్రాకును. నూనె వంటిది బిళ్లను విడిచి కదలదు. కావున బలమైన నూనెసారము చిన్న వలయమును, బలహీనమైన నీటిసారము పెద్ద వలయమును చూపవచ్చును. కరక్కాయ, తుమ్మబెరడు వంటి వగరు వస్తువులలోని టానిన్లు తగిలిన ప్రతి మాంసకృత్తును పట్టి ముద్దచేయును. తోలును పదును చేయుటకు పనికివచ్చు గుణము అదియే. అది సూక్ష్మజీవిని అడ్డగించుట వింత కాదు. రోగియొక్క మాంసకృత్తులను మాత్రము విడుచునా యన్నదే ప్రశ్న.

మఱియొక భ్రమ కలదు. మొండి సూక్ష్మజీవిని చంపినదనగనే అది మహా బలమైన మందని తలంతుము. పెన్సిలినునకు లొంగని సూక్ష్మజీవి అన్నిటికిని లొంగనిది కాదు. మరుగు నీరు దానిని చంపును. బ్లీచింగు పొడి చంపును. చంపుట కష్టము కాదు. పశువును బాధింపక చంపుటయే కష్టము. ఎలుకపై కోపముతో ఇంటికి నిప్పుపెట్టిన సామెత ఇచ్చట చక్కగ చెల్లును. కుంకుడు రసములో నురుగునిచ్చు పదార్థము నెత్తురులో కలసినచో ఎఱ్ఱకణములను పగులగొట్టును. తల రుద్దుకొనుటకు మంచిదైనది రక్తములో విషమగును. అందుచే సూక్ష్మజీవిని అడ్డగించు మోతాదు ఎంత, శరీర కణములను చెఱచు మోతాదు ఎంత అని రెండును కొలిచి, వాని నడుమ ఎడము ఎంతయున్నదో చూడవలెను.

5. కొలతతో గూడిన పరీక్ష

వలయము కనబడిన పిమ్మట వరుసగా గొట్టములలో పోషక ద్రవమును పోసి, సారమును ఒకదానికంటె ఒకదానిలో సగము చొప్పున తగ్గించుచు కలుపుదురు. సమానముగ సూక్ష్మజీవులను వేసి మఱునాడు చూతురు. పెరిగిన గొట్టము మసకబాఱును. అడ్డగింపబడినది తేటగ నుండును. తేటగ నున్న వానిలో అన్నిటికంటె తక్కువ సారము గల గొట్టపు కొలతయే కనీస నిరోధక మోతాదు. ఆ తేట గొట్టపు చుక్కను మందు లేని ద్రవములో వేసి చూచినచో, సూక్ష్మజీవులు చచ్చినవా, నిద్రించుచున్నవా యనునది గూడ తెలియును.

ఈ కొలతయే వార్తలలో తఱచుగా కానరాదు. లొంగు స్టాఫిలోకాకస్‌ను పెన్సిలిన్ మిల్లీలీటరునకు 0.12 మైక్రోగ్రాములలోపే ఆపును. మొక్క సారము 100 మైక్రోగ్రాములలోపు పనిచేసినచో పరిశోధకులు ఆసక్తితో చూతురు. 1000 మైక్రోగ్రాములు, అనగా ఒక మిల్లీగ్రాము దాటినచో మందుగా ఆశ పెట్టుకొనరు. ఏలయో లెక్క వేసి చూతము. 400 కిలోల ఆవు శరీరమందు రమారమి 240 లీటర్ల నీరుండును. మిల్లీలీటరునకు ఒక మిల్లీగ్రాము చొప్పున అంతటను నిండుటకు 240 గ్రాముల ఎండుసారము ఒక్కమాఱుగా శరీరమున చేరి నిలువవలెను. ఎండుటాకులో పదవవంతు సారముగా వచ్చునని యనుకొన్నను, అది 2 కిలోల 400 గ్రాముల ఎండుటాకు. మేపినదంతయు కడుపు దాటి నెత్తురులో చేరదు. చేరినదియు కాలేయము, మూత్రపిండముల మూలమున త్వరగ పోవును. మనము తిన్న వెల్లుల్లిలోని అల్లిసిన్ సైతము రక్తమును చేరులోపలనే మాఱిపోవును.

6. చంపకయే సాయపడు మూలికలు

ఇంత చెప్పుట ఆశను చంపుటకు కాదు. 2000లో అమెరికా శాస్త్రజ్ఞులు బెర్బెరిస్ జాతి మొక్కలలో ఒక విచిత్రమును కనుగొనిరి. వానిలోని బెర్బెరీన్ సూక్ష్మజీవిలోనికి పోగానే అది పంపువలె తోడివేయును. ఐతే అదే మొక్కలో మఱియొక పదార్థము కలదు. అది తనంతట దేనిని చంపదు. ఆ పంపును మాత్రము అడ్డగించును. అప్పుడు బెర్బెరీన్ లోపల నిలిచి పనిచేయును. సర్పగంధిలోని రిసర్పిన్ గూడ ఇట్లే పంపును ఆపగలదు. కాని అందుకు కావలసిన మోతాదు మనుష్యునకు అపాయకరము. ఈ తీరున మూలిక పాత ఆంటీబయోటిక్కునకు తోడై, పోయిన దాని బలమును మరల తెచ్చునా యని నేడు అనేకులు పరీక్షించుచున్నారు.

2015లో అట్లాంటా నగరమందలి ఎమోరీ విశ్వవిద్యాలయము వారు ఐరోపా చెస్ట్‌నట్ చెట్టు ఆకులను పరీక్షించిరి. ఇటలీ పల్లెలలో చర్మరోగములకు వాడుట విని వారు దానిని ఎన్నుకొనిరి. ఆ సారము స్టాఫిలోకాకస్‌ను చంపలేదు. ఆ సూక్ష్మజీవులు ఒకదానితో నొకటి సంకేతములు పంపుకొని, గుంపు పెరిగినదని తెలిసిన పిమ్మట విషమును విడుచును. సారము ఆ సంకేతమును చెఱచినది. మొండి జాతి సోకిన ఎలుకల చర్మముపై పుండ్లు తగ్గినవి. వలయమును మాత్రమే చూచి తీర్పు చెప్పినచో ఈ ఆకును ఆనాడే పాఱవేసి యుందురు.

7. పళ్లెము నుండి పశువు వఱకు

పళ్లెములో గెలిచినది పశువునందు గెలువవలెనన్న మఱల వేఱు పరీక్షలు కలవు. పొదుగులో పాలున్నవి, క్రొవ్వు, మాంసకృత్తులు మందును పట్టివేయును. స్టాఫిలోకాకస్ పొదుగు కణజాలములో లోతుగ దాగికొనును. అన్నిటికంటె ముఖ్యముగ, కొన్ని పొదుగువాపులు ఏ మందును వేయకయే తగ్గును. పది ఆవులకు పసరు పూయగా ఆఱింటికి నయమైనదనుటలో పూత ఎంత చేసినదో, ప్రకృతి ఎంత చేసినదో తెలియదు. అట్టివే మఱికొన్ని ఆవులను పూత లేకుండ, తక్కిన పోషణ యంతయు సమానముగ నుంచి పోల్చినప్పుడే నిజము తేలును.

జాతీయ పాడి అభివృద్ధి సంస్థ వారు కలబంద, పసుపు, సున్నము నూరి పొదుగుపై పైపూతగా వాడు పద్ధతిని పాడి రైతులలో ప్రచారము చేయుచున్నారు. పైపూత వేఱు, చన్నులోనికి ఎక్కించుట వేఱు. ఇంట నూరిన పసరును చన్ను రంధ్రములో ఎన్నడును పోయరాదు. దానితో క్రొత్త సూక్ష్మజీవులు లోనికి పోయి ఉన్న జబ్బు ముదురును. పొదుగు చల్లబడి నల్లబాఱుట, పాలలో నెత్తురు, జ్వరము, మేత మానుట కనబడినచో పూతలతో కాలము గడపక ఆ పూటనే పశువైద్యుని పిలువవలెను. ఒక్క రాత్రి ఆలస్యమున ఆవే పోవచ్చును.

8. మన కర్తవ్యము

క్రొత్త మందు వచ్చునో రాదో మన చేతిలో లేదు. ఉన్న మందును కాపాడుకొనుట మన చేతిలోనే యున్నది.

మందు వేయుటకు ముందే పాల నమూనాను శుభ్రమైన సీసాలో పట్టి, పశువైద్యుని ద్వారా పరీక్షకు పంపవలెను. ఏ మందునకు ఆ సూక్ష్మజీవి లొంగునో పైన చెప్పిన బిళ్లల పరీక్షయే చెప్పును. వైద్యుడు చెప్పిన దినములన్నియు మందు వేయవలెను. సగము వాడి మిగిలిన దానిని పొరుగువానికి ఈయరాదు. మందు చీటిపై నున్న గడువు తీఱువఱకు ఆ పాలను సంఘపు క్యానులో పోయరాదు, దూడలకును త్రాపరాదు. ఒక్కరి చెంబెడు పాలు క్యానులో కలిసినచో పదిమంది పాలు చెడును. అది సహకార ధర్మము కాదు. కోళ్లు, చేపలు, రొయ్యలు పెంచు సభ్యులు, ఆహారమునకై పెంచు జీవులకు కొలిస్టిన్ వాడుటను ప్రభుత్వము 2019 జూలైలో నిషేధించినదని మఱువరాదు. మనుష్యులకు కడపటి దిక్కుగ మిగిలిన మందులలో అది యొకటి.

పాలు పితుకుటకు ముందు చేతులను, పొదుగును కడిగి తుడువవలెను. మొదటి ధారలను నల్లని పళ్లెములో పితికి పలుకులున్నవేమో చూడవలెను. పితికిన పిమ్మట చన్నులను వైద్యుడు చెప్పిన అయొడిన్ ద్రవములో ముంచవలెను. చన్ను రంధ్రము మూసికొను వఱకు అరగంట సేపు మేత వేసి ఆవును నిలుచుండనీయవలెను. జబ్బు పశువును కడపట పితుకవలెను. రాని జబ్బునకు మందు అక్కఱలేదు. వాడని మందునకు సూక్ష్మజీవి మొండికెక్కదు.

ఇక మన పెద్దల మూలికలను గూర్చి. వానిని ఎగతాళి చేయుటయు తగదు, కన్నులు మూసికొని నమ్ముటయు తగదు. ఏ మొక్క, ఏ భాగము, ఏ ఋతువున తీసినది, పచ్చిదా కాచినదా, ఎన్ని పశువులకు వాడితిమి, ఎన్నింటికి తగ్గలేదు అని వ్రాసి యుంచుదము. తగ్గని లెక్క వ్రాయని పుస్తకము పరీక్షకు పనికిరాదు. 2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టము ననుసరించి గ్రామములలో అట్టి తెలివిని నమోదు చేయు పట్టికలు కలవు. మన మూలికా జ్ఞానమును అందు వ్రాయించుట మన హక్కును నిలుపుకొనుటయు నగును.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మందు వేసిన ఆవు పాలు ఏల తోడుకొనవు? అట్టి పాలను దూడకు ఏల త్రాపరాదు?
2. వట్టి సారాయి బిళ్ల లేని పరీక్షను మనము ఏల నమ్మరాదు?
3. ఒక ఆకు మొండి సూక్ష్మజీవిని చంపినదని వార్త వచ్చినచో మనము అడుగవలసిన మూడు ప్రశ్నలేవి?
4. గడచిన సంవత్సరమున మన సంఘమున ఎన్ని పశువులకు నమూనా పరీక్ష లేకుండ ఆంటీబయోటిక్ వేసిరి? ఆ లెక్క మన పుస్తకములలో నున్నదా?